ఒకటో నంబరు పాఠకురాలు

మానవజాతి ఇంతవరకు సాధించిన విజయాలన్నిటిలోనూ తలుపు గడియను మించినది లేదు. నిప్పు మనిషికి వంట నేర్పింది, చక్రం ప్రయాణం నేర్పింది. కాని "నేను లోపల ఉన్నాను, తక్కిన లోకమంతా బయట ఉంది" అని ప్రకటించుకునే సార్వభౌమాధికారాన్ని అతనికి ప్రసాదించినది జానెడు పొడవున్న ఆ ఇనుపకడ్డీ ఒక్కటే. కోటగోడలకు దక్కిన కీర్తి దానికి దక్కకపోవడం చరిత్రకారుల అలసత్వం తప్ప మరొకటి కాదు.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు అటువంటి గడియ ఒకటి ఆ ఇంటి ముందుగదికి లోపలినుంచి పడి ఉంది. లోపల మామగారు. బయట, చేతిలో కాఫీ గ్లాసుతో, కోడలు.

"మామయ్యగారూ, కాఫీ చల్లారిపోతోంది."

పాత సర్వర్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం తలుపు కింది సందులోంచి వస్తోంది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగా.

"కాఫీ కోసమైనా తలుపు తియ్యండి. పాస్‌వర్డు అడగను. ఒట్టు."

"నువ్వు అడక్కపోతే వాడడుగుతాడు."

"ఆయన నోరు విప్పి అడుగుతారని మీరింకా ఆశపెట్టుకున్నారా?"

లోపలినుంచి చిన్న దగ్గు వినబడింది. నవ్వు అయినా కావచ్చు. ఆ ఇంట్లో మామగారి కొడుకు, అంటే ఈమె భర్త, రోజుకు ఇరవై మాటలకు మించి ఖర్చు పెట్టడని అందరికీ తెలుసు.

ఆ ముందుగదే వాళ్ళ సొంత సంస్థకు ప్రధాన కార్యాలయం, శాఖా కార్యాలయం, యంత్రాగారం కూడా. గ్రంథాలయాలు పుస్తకాలను ఇచ్చి పుచ్చుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను మామగారు ఒకప్పుడు రాత్రింబవళ్ళు కూర్చుని రాసి, లోకానికి ఊరికే ఇచ్చేశారు. ఎవరైనా దాని లోపలి రాతను చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పొరుగువాడికి పంచవచ్చు. మరి బతుకెలాగంటే, దాన్ని అమర్చిపెట్టడం, చెడితే బాగుచేయడం, "ఏమండీ, తెర నల్లగా అయిపోయింది" అని ఫోనొచ్చినప్పుడు "స్విచ్ వేశారా?" అని మర్యాదగా అడగడం. వండినదంతా ఊరికే పెట్టి, వడ్డించినందుకు మాత్రం కూలి పుచ్చుకునే ఆ వింత వ్యాపారంలో వడ్డన మొత్తం కోడలిదే.

ఏ రహస్యమూ దాచకూడదని నలభై దేశాలకు బోధించిన ఆ మహానుభావుడే ఇవాళ గడియ పెట్టుకున్నారు. లోకానికంతటికీ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో, ఊరి పెద్ద గ్రంథాలయం తాలూకు పాత సర్వర్ పాస్‌వర్డు ఒక్కటి ఆయన తలలో ఉండిపోయింది.

ఇవాళ గ్రంథాలయానికి సెలవు. సాయంత్రంలోగా ఆ సర్వర్‌లోని వివరాలన్నీ కొత్త రూపానికి మారాలి. రేపు తొమ్మిదింటికి కొత్త తెర వెలగకపోతే, సంస్థ మొట్టమొదటి ఖాతాదారైన ఆ గ్రంథాలయం అద్దాలమేడలో ఉన్న పెద్ద సంస్థ దగ్గరికి పోతుంది. అది పోతే తక్కినవి వరసగా పోతాయి. ఈ మార్పులో ఒక నియమం ఉంది: చనిపోయిన పాఠకుల పేర్లు కొత్తదానిలోకి రావు. గ్రంథాలయ సంఘం పంపిన జాబితాలో రెండువందల పన్నెండు పేర్లున్నాయి. మొదటిది పాఠకురాలు నంబరు ఒకటి.

ఆమె అత్తగారు. పోయి పద్నాలుగు నెలలు.

"అత్తయ్యని మనమేం తీసెయ్యడం లేదు మామయ్యగారూ," కోడలు తలుపుకి నుదురు ఆనించి అంది. "ఒక వరస తీసేస్తున్నాం. అంతే."

"చేతిలో పుస్తకం ఉన్న పాఠకుణ్ణి తొలగించకూడదు. ఆ నిబంధన రాసిందెవరు?"

"మీరే."

"మరి?"

"ఏ పుస్తకం? ఆవిడ చేతిలో పుస్తకమేమిటి?"

కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి. తలుపు కింది సందులోంచి తెల్లటి చీటీ ఒకటి, ఎవరో అటునుంచి ఊదినట్టు, మెల్లగా బయటికి జారింది.

గత పద్దెనిమిది రోజులుగా ఆ ఇంట్లో ఈ చీటీల బాధ ఉంది. గ్రంథాలయంలో ఎవరైనా పుస్తకం తీసుకుంటే ఆ సంగతి ముందుగదిలోని చిన్న ముద్రణ యంత్రం మీద కూడా ఒక చీటీగా పడుతుంది. అది మామగారు సరదాకి పెట్టుకున్న ఏర్పాటు. గ్రంథాలయం తొమ్మిదింటికి తెరుస్తారు. కాని పద్దెనిమిది రోజులుగా రోజూ పొద్దున్న ఆరూ పదికి యంత్రం దానంతటదే కిర్రుమని ఒక చీటీ కక్కుతోంది: పాఠకురాలు నంబరు ఒకటి, ఫలానా పుస్తకం. అరగంటకల్లా మరో చీటీ: తిరిగి ఇచ్చేశారు. మామగారు వాటిని తారీఖులవారీగా గుచ్చి పెట్టుకుంటున్నారు. పాత సర్వర్‌లో ఏ పుస్తకం, ఎవరికి, ఎన్నింటికి అన్నది ఉంటుంది గాని ఆ మీట నొక్కిన గుమస్తా ఎవరన్నది ఉండదు. గ్రంథాలయంలో పాఠకుడు ముఖ్యం, గుమస్తా కాదు అన్నది ఆయన సిద్ధాంతం.

"ఇవాళ ఏడూ పాతికకి వచ్చింది," తలుపవతలినుంచి మామగారు అన్నారు. "ఆలస్యమే. సెలవు కదా, నెమ్మదిగా లేచి ఉంటుంది. ఇవాళ్టిది తిరిగివ్వలేదు చూడు."

కోడలు చీటీ తీసి చదివింది.

'లిఫ్టులో ఏడోవాడు'.

ఆమె కాఫీ గ్లాసు గడప పక్కన పెట్టి వంటింటివైపు నడిచింది.

*

వంటింట్లో భర్త గోడకు చేరబడి ఫోను చూసుకుంటున్నాడు. కోడలు లోపలికొచ్చి తలుపు మూసి, చీటీ అతని ముఖానికి అడ్డంగా పెట్టింది.

"ఇదేమిటి?"

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. తరవాత ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇంటి చరిత్రలో అది తుపాను హెచ్చరికతో సమానం.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"చెప్పండి."

"ఆ చీటీలు నావే."

కుళాయి చుక్క ఒకటి గిన్నెలో పడింది. ఇంకొకటి పడింది. కోడలు వెళ్ళి కుళాయి గట్టిగా తిప్పి వచ్చింది.

"మళ్ళీ అనండి."

"మొదటిరోజు పరీక్ష కోసం చేశాను. పాతది పనిచేస్తోందో లేదో చూడాలంటే ఒకటో నంబరు మీదే కదా చూస్తాం, మనకలవాటు. అమ్మే అనేది, 'నా కార్డుమీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి, నేను ఎలకని' అని. చీటీ నాన్న చూశారు. ఆ పూట టిఫిన్ తిన్నారు. అంతకుముందు పదిరోజులుగా సగం వదిలేస్తున్నారు, నువ్వే చెప్పావు. అందుకని మర్నాడు మళ్ళీ..."

"పద్దెనిమిది రోజులా?"

"ఊఁ."

"పక్కన పడుకుని, ఆరింటికి లేచి, దుప్పట్లో ఫోను పెట్టుకుని, చనిపోయిన మీ అమ్మ పేరుమీద పుస్తకాలు తీశారు. నాతో ఒక్క మాట అనలేదు."

"అంటే ఆపమంటావని."

"ఆపమనే దాన్ని! ఇప్పుడు చూడండి, ఆవిడ లోపల చదువుకుంటోందని ఆయన కాపలా కాస్తున్నారు! పెద్దమనిషిని తీసుకొచ్చి ఎక్కడ నిలబెట్టారో తెలుస్తోందా మీకు?"

అతను తల దించుకున్నాడు. ఏ మాటకైనా తల దించుకోవడమనే ఒక్క ఆయుధంతో అతను పదకొండేళ్ళ సంసారం గెలుచుకొచ్చాడు. కాని ఇవాళ దించిన తల వెంటనే ఎత్తాడు.

"ఇవాళ్టిది నాది కాదు."

"ఏది?"

"ఈ చీటీ. నిన్నటితో ఆపేశాను. పొద్దున్న నేను లేచిందే ఏడూ ముప్పావుకి. నువ్వే లేపావు."

నిజమే. ఆమే లేపింది.

"మరెవరు చేశారు?"

"తెలీదు. ఆ పుస్తకం పేరు కూడా నేనెప్పుడూ వినలేదు."

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పేరు ఆమె విన్నది. ఆసుపత్రి మంచం పక్కన, నీలం అట్ట, మూల మడతపడిన పుస్తకం. అత్తగారు అపరాధ పరిశోధక నవలలకు పరమ భక్తురాలు. అందులోనూ ఆవిడ పద్ధతి వేరు: ముందు ఆఖరి ప్రకరణం చదివి, హంతకుడెవరో నిశ్చింతగా తెలుసుకుని, తరవాత మొదటి పేజీకి వచ్చేది. "చంపినవాడు తెలిస్తే తక్కినవాళ్ళమీద అనవసరంగా అనుమానపడక్కర్లేదు కదే, పాపం" అనేది.

ఆసుపత్రిలో ఒక సాయంత్రం ఆవిడ కళ్ళజోడు తీసి దుప్పటిమీద పెట్టి అంది: "అమ్మాయ్, కళ్ళు లాగుతున్నాయి. ఆఖరి ప్రకరణం చదివి వినిపించవూ?" అప్పుడే ఫోను మోగింది. ఇదే గ్రంథాలయం. లేబుళ్ళు తలకిందులుగా ముద్రణ అవుతున్నాయని. "రేపు చదువుతా అత్తయ్యా, పక్కా" అని కోడలు వరండాలోకి నడిచింది. గంటన్నర మాట్లాడి లేబుళ్ళను నిటారుగా నిలబెట్టింది.

ఆవిడకి రేపు రాలేదు.

ఈ సంగతి కోడలికీ పోయినావిడకీ తప్ప మూడో మనిషికి తెలియదు. పుస్తకం ఆసుపత్రి సామానుతో ఒక సంచిలోకి పోయింది, సంచి ఎవరో గ్రంథాలయంలో ఇచ్చివచ్చారు, ఆమె మళ్ళీ దాన్ని తాకలేదు.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదు." ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "లైబ్రేరియన్ గారు ఫోనెత్తడం లేదు. నేను వెళ్ళొస్తాను. నేను వచ్చేలోగా ఆ పద్దెనిమిదీ మీవని మామయ్యగారితో చెప్పండి. నోటితో. సందేశం పంపకండి."

*

సెలవురోజు వీధి ఖాళీగా ఉంది. ఇస్త్రీ కొట్టు మూసి ఉంది, బస్సులు దిగేవాళ్ళు లేరు, ఎవరిదో సైకిలు గొలుసుతో స్తంభానికి కట్టి ఉంది. గ్రంథాలయం తలుపు మూసి ఉండాలి. ఒక రెక్క ఓరగా తెరిచి ఉంది.

లోపల దీపాలు లేవు. తుడిచిన నేల వాసన, పాత కాగితం వాసన. కుర్చీలన్నీ బల్లలమీద కాళ్ళు పైకెత్తి తలకిందులుగా ఉన్నాయి, ఏదో కోర్టువారి ఉత్తర్వుమీద అన్నీ ఒకేసారి లొంగిపోయినట్టు. ఒక్క కుర్చీ మాత్రం నేలమీద నిలబడి ఉంది. కిటికీ పక్కది. అత్తగారు పద్దెనిమిదేళ్ళపాటు మంగళ, గురువారాలు కూర్చున్నది.

బల్లమీది కంప్యూటర్ తెర వెలుగుతోంది. దగ్గరికి వెళ్తే తెరమీద అత్తగారి ఫొటో, కార్డు కోసం తీసినది. ఏదో చెప్పబోయి ఆపుకున్న నోరు. కింద ఒక్క వాక్యం: చేతిలో ఉన్న పుస్తకాలు, ఒకటి.

అరల వెనక పేజీ తిప్పిన చప్పుడు.

కోడలు కదల్లేదు. ఇంకో పేజీ.

"వచ్చావా?" అంది ఆడగొంతు, దుమ్ముపట్టి, బొంగురుగా. "ఇంతసేపా?"

"అత్త..." అని కోడలి నోరు సగం అని ఆగింది.

మూడో అర వెనకనుంచి ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్న ఆకారం ఒకటి, రొమ్ముదాకా పుస్తకాలు మోస్తూ బయటికి వచ్చింది. వాటిని బల్లమీద ధబాలున పడేసి గుడ్డ కిందికి లాగింది. లైబ్రేరియన్.

"ముఖమలా పాలిపోయిందేమ్మా? కూర్చో, ఆ కుర్చీ నేను దించుకున్నదేలే. పొద్దున్న ఏడింటినించీ ఇక్కడే చస్తున్నా. ఫోను బ్యాగులో ఉండిపోయింది. పాస్‌వర్డు దొరికిందా?"

"ఇంకా లేదండీ." కోడలు తెరవైపు వేలు చూపించింది. "ఏడూ పాతికకి ఒకటో నంబరు మీద పుస్తకం ఎవరు రాశారు?"

"నేనే. ఏం?"

అంత తేలిగ్గా. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆవిడ పోయారు కదండీ."

"తెలీకేం? చచ్చిపోయినవాళ్ళ జాబితా టైపు చేసింది నేనే. కాని పోయినా ఫిర్యాదు ఫిర్యాదే! మీ మామగారి నిబంధన నీకు తెలీదూ? పుస్తకం పాడైందని పాఠకుడు ఫిర్యాదు చేస్తే, దాన్ని లెక్కలోంచి కొట్టివేసేముందు ఆ పాఠకుడి పేరుమీద ఒకసారి రాసి చూపించాలి. అప్పటిదాకా కొట్టివేసే మీట నొక్కనివ్వదు మీ మహాయంత్రం. నేను రాశాను. ఇప్పుడు తిరిగి తీసుకోనంటోంది, పాఠకురాలి సంతకం కావాలిట. ఎక్కణ్ణించి తేను?"

ఆ విధంగా ఆ గ్రంథాలయంలో ఒక అపూర్వ ధర్మసంకటం వెలిసింది. పుస్తకం తిరిగిస్తే గాని పాఠకురాలు పోదు. పాఠకురాలు వస్తే గాని పుస్తకం తిరిగిరాదు. ఈ రెంటినీ ఒకే చేత్తో రాసిన మనిషి ప్రస్తుతం గడియ వెనక ఉన్నారు.

"ఏ ఫిర్యాదండీ? మాకెప్పుడూ రాలేదు."

"ఎలా వస్తుంది? రిమార్కుల గడి తెరమీద కనిపించకుండా తీసేశారు కదా మీవాళ్ళు, చూడ్డానికి బాగుండదని. మేం రాస్తూనే ఉన్నాం, అది నూతిలో పడుతూనే ఉంది. మొన్న నువ్వు పంపిన కాగితంలో అన్నీ బయటపడ్డాయి. నువ్వే పంపావుగా? పెండింగు ఫిర్యాదులు, నలభై నాలుగు. చదవలేదా?"

కోడలు చదవలేదు. సంస్థలో జాబితాలు పంపుతారు; చదివే ఆచారం లేదు.

లైబ్రేరియన్ దొంతరలోంచి నీలం అట్ట పుస్తకం తీసి చేతిలో పెట్టింది. మూల మడత అలాగే ఉంది. కోడలు ఆ మడతని బొటనవేలితో ఒకసారి సాపు చేసింది. తరవాత వెనకనుంచి తెరిచింది.

నూట తొంభై రెండో పేజీ. 'లిఫ్టు తలుపులు రెండుపక్కలకీ జరిగాయి. లోపల నిలబడి ఉన్నది'. ఆ తరవాత వెనక అట్ట. కుట్టు దగ్గర చిరిగిన కాగితపు అంచులు, వరసగా, ఎనిమిది.

ఫోను మోగింది. భర్త.

"చెప్పారా?" అంది కోడలు.

"చెప్పాను. తలుపు తీశారు."

"ఏమన్నారు?"

అతని రోజు మొత్తం ఖర్చయిపోయేటన్ని మాటలు ఒక్కసారి వచ్చాయి. "'ఆ పద్దెనిమిదీ నీవని మొదటిరోజే తెలుసురా' అన్నారు. 'మీ అమ్మ ఆరూ పదికి ఎప్పుడు లేచింది, నువ్వు చీటీ పంపితే తప్ప నేనెప్పుడు తిన్నాను, ఏదో కష్టపడుతున్నావని ఊరుకున్నా' అన్నారు. కాని ఇవాళ్టిది నేను చెయ్యలేదన్నాను కదా. అది విని కూర్చున్నారు. ఇవాళ్టిది ఆవిడదేనంటున్నారు. పాస్‌వర్డు ఇస్తారట. ఒక్కటే అడుగుతున్నారు."

"ఏమిటి?"

"పుస్తకం నీ దగ్గరుంటే చూడమంటున్నారు. అమ్మ ఎక్కడిదాకా చదివింది?"

లైబ్రేరియన్ చీపురుపుల్లంత పెన్సిలుతో జాబితాలో ఒక వరస కింద గీత గీసి ఆమె ముందుకు తోసింది. "ఇదిగో, ముప్పై ఒకటోది. ఆవిడే వచ్చి చూపించింది. పేజీలు లేవని చెప్పి, మళ్ళీ తనే ఇంటికి పట్టుకుపోయింది, మనిషి విచిత్రం."

"వింటున్నావా?" అంది ఫోను.

కోడలు ఆ వరస చదివింది. లిఫ్టులో ఏడోవాడు. ఆఖరి ప్రకరణం, పదహారు పేజీలు, లేవు. ఫిర్యాదు: పాఠకురాలు నంబరు ఒకటి. పక్కన తారీఖు ఉంది.

అత్తగారు ఆసుపత్రిలో చేరడానికి తొమ్మిది రోజుల ముందుది. అంటే, చదివి వినిపించవూ అని అడిగిన సాయంత్రానికే ఆఖరి ప్రకరణం లేదని ఆవిడకి తెలుసు.